చట్టంలో ఒక్క వాక్యం ఖరీదెంత?

ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం దారిలోనైనా, విజయనగరంలో ఇంజినీరింగ్ కాలేజీ ఎదుటైనా సెమిస్టర్ పరీక్షలకు వారం ముందు జిరాక్స్ షాపు దగ్గర వినిపించే మాట ఒకటే: "మూడో యూనిట్ ఒక్కటీ తియ్యన్నా, స్పైరల్ వేసియ్." పిల్లలు అసలు పుస్తకం కొనకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. విదేశీ పాఠ్యపుస్తకానికి ఇక్కడ చౌక ముద్రణ ఉంటే సరే, లేకపోతే విదేశీ ధరే గతి. చౌక ముద్రణ ఉన్నా చాలాసార్లు అది పాత కూర్పే. వేరే దేశంలో రచయిత అనుమతితోనే తక్కువ ధరకు దొరికే కొత్త కూర్పును ఇక్కడి వ్యాపారి తెప్పించి అమ్మొచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది.

2010లో పార్లమెంటు ముందుకొచ్చిన కాపీరైట్ సవరణ బిల్లులో ఈ వీలు ఉంది. దొంగ ప్రతి అంటే ఏమిటో నిర్వచించే సెక్షన్ 2(ఎం)కు ఒక్క వాక్యం తగిలించారు: రచయిత అనుమతితో బయటి దేశంలో ప్రచురితమైన ప్రతిని అక్కడి నుంచి దిగుమతి చేసుకుంటే అది దొంగ ప్రతి కిందకు రాదు. బిల్లును పరిశీలించిన స్థాయీ సంఘం, అంటే ఎంపీలతో కూడిన పార్లమెంటు కమిటీ, ఈ వాక్యాన్ని సమర్థించింది. ప్రచురణకర్తలు గట్టిగా ఎదురు తిరిగారు. విదేశాల్లో అమ్ముడుపోని సరుకంతా ఇక్కడ కుమ్మరిస్తారని, చౌక ముద్రణలే ఆగిపోతాయని, రచయిత రాయల్టీ పడిపోతుందని వాదించారు. అది బొత్తిగా కొట్టిపారేయాల్సిన వాదనేమీ కాదు. అయితే 2012 మే నెలలో బిల్లు రెండు సభలూ దాటేసరికి ఆ వాక్యం అందులో లేదు. స్థాయీ సంఘం ఉండాలన్నది చట్టంలోకి రాకుండా పోయింది.

ఇలాంటివి చూసినప్పుడు మన నోటికి మొదట వచ్చే మాట "ఎవరో తినేశారు" అని. మాట తేలిక, లెక్క కష్టం. పరిశ్రమ ఇచ్చే ఎన్నికల విరాళం చట్టం దాకా ఏ దారిన వస్తుంది, ఎంత పని చేస్తుంది, ఎక్కడ దాని పప్పులుడకవు అన్నది విడివిడిగా చూడాలి.

గిడుగుకు ఒక లెక్క, దాసుగారికి ఒక లెక్క

ముందు, ఎన్నికల డబ్బు ఊసే లేని ఉదాహరణ. 1957 చట్టంలో రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి 50 ఏళ్లు హక్కు ఉండేది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో పోయారు కాబట్టి 1991 డిసెంబరు 31తో ఆయన రచనలు అందరి సొత్తూ కావాలి. హక్కులు విశ్వభారతివి. గడువు దగ్గర పడ్డాక కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి, 1992లో దాన్ని చట్టం చేసి 50ని 60 చేసింది. కారణం ఒక్క కవి. పొడిగింపు మాత్రం దేశంలోని రచయితలందరికీ.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీని ఫలితం చూడండి. గురజాడ అప్పారావు 1915లో పోయారు, ఆయన రచనలు 1966 జనవరి నుంచి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. గిడుగు రామమూర్తి 1940 జనవరిలో కన్నుమూశారు. ఆయన గడువు 1990తో ముగిసింది. అప్పటికే ముగిసిన హక్కును 1992 సవరణ మళ్లీ లేపలేదు, అందుకని గిడుగు రచనలు ఏడాది తేడాతో బయటపడ్డాయి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు 1945 జనవరిలో పోయారు. పాత లెక్కన 1995తో తీరిపోవాల్సిన హక్కు 2005 డిసెంబరు దాకా సాగింది. 1996లో విజయనగరంలో ఎవరైనా దాసుగారి గ్రంథం తిరిగి వేయాలనుకుంటే హక్కుదారులెవరో వెతికి సంతకం తెచ్చుకోవాల్సి వచ్చింది. ఠాగూర్ కోసం వేసిన పొడిగింపు గొలుసు హరికథల కాళ్లకూ చుట్టుకుంది. కథకుడు చాసో 1994లో పోయారు గనుక ఆయన కథలకు 2054 దాకా గడువుంది.

ఠాగూర్ పుస్తకాలకు అమ్మకం ఉంది, పొడిగిస్తే విశ్వభారతికి ఆదాయం. ఎప్పుడో అచ్చు ఆగిపోయిన తెలుగు పుస్తకానికి హక్కు పొడిగించడమంటే పాడుబడ్డ ఇంటికి కొత్త తాళం వేయడం. ఇంటివాళ్లకు అద్దె రాదు, బయటివాళ్లు లోపలికి పోలేరు.

ఇక్కడ పనిచేసింది ప్రతిష్ఠ, భావోద్వేగం. గడువు పెరిగిన ప్రతిచోటా విరాళం ఉంటుందనుకుంటే మొదటి అడుగులోనే తప్పుతాం.

డిస్నీ చెక్కు

డబ్బు కంటికి కనిపించే చోటు అమెరికా. అక్కడి వ్యవస్థ మంచిదని కాదు, లెక్క బయట పెట్టక తప్పదు కాబట్టి. అక్కడ కంపెనీ తన ఖజానా నుంచి అభ్యర్థికి నేరుగా ఇవ్వకూడదు, 1907 నుంచీ ఈ నిషేధం ఉంది. అందుకని కంపెనీలు తమ అధికారులు, ఉద్యోగుల చందాలతో 'ప్యాక్' అనే నిధి నడుపుతాయి. ఒక ప్యాక్ ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు 5,000 డాలర్ల దాకా ఇవ్వొచ్చు. పార్టీలోపలి పోటీ ఒక ఎన్నిక, అసలు పోటీ మరో ఎన్నిక, అంటే మొత్తం 10,000. ఒక వ్యక్తి ఇచ్చింది 200 డాలర్లు దాటితే పేరు, వృత్తి, యజమాని పేరు రాసి ఫెడరల్ ఎన్నికల కమిషన్‌కు ఇవ్వాలి. పరిశ్రమల తరఫున చట్టసభ సభ్యులతో మాట్లాడే లాబీయిస్టులు ఏయే బిల్లుల మీద పనిచేశారో, మొత్తం ఎంత ఖర్చయిందో మూడు నెలలకోసారి విడిగా నివేదిక ఇవ్వాలి. ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చదవడమే అక్కడి విలేకరుల పని.

1998 నాటి గడువు పొడిగింపు చట్టం దగ్గర ఆ పని బాగా ఫలించింది. అంతకుముందు రచయిత మరణానంతరం 50 ఏళ్లు, కంపెనీల పేరిట ఉన్నవాటికి ప్రచురణ నుంచి 75 ఏళ్లు. 1928లో వచ్చిన మిక్కీ మౌస్ తొలి కార్టూన్ 2003 చివరికి అందరిదీ అయ్యేది. కొత్త చట్టం 50ని 70 చేసింది, 75ని 95 చేసింది. దాంతో మిక్కీ 2024 జనవరి 1 దాకా డిస్నీ గూటిలోనే ఉంది. ప్రతినిధుల సభలో బిల్లును మొదట ప్రతిపాదించిన 13 మందిలో 10 మందికి, సెనేట్‌లో 12 మందిలో 8 మందికి డిస్నీ ప్యాక్ నుంచి విరాళం ముట్టింది. సెనేట్ మెజారిటీ నాయకుడు ట్రెంట్ లాట్ బిల్లుకు తోడు సంతకం పెట్టిన రోజే ఆయన ప్రచార నిధికి 1,000 డాలర్లు చేరాయని, కొద్దిరోజులకు ఆయన పార్టీ సెనేట్ ఎన్నికల కమిటీకి మరో 20,000 వెళ్లాయని అప్పట్లో పత్రికలు రాశాయి.

వెయ్యి డాలర్లకు సెనేట్ మెజారిటీ నాయకుడు అమ్ముడుపోయాడా అంటే నమ్మశక్యంగా లేదు. కోట్ల డాలర్ల ఆస్తికి ఇరవై ఏళ్ల గడువు తెచ్చుకోవడానికి అంత చిల్లరా అని ఆశ్చర్యపోవాల్సిందే. ఈ చిక్కు విప్పితే విరాళం అసలు పని బోధపడుతుంది. అది ఓటు ధర కాదు, గుమ్మం దాటడానికి టికెట్. 2016లో అచ్చయిన ఒక ప్రయోగంలో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో 191 మంది సభ్యుల కార్యాలయాలను కలవడానికి సమయం అడిగారు. కొన్నిచోట్ల "మేం మీ నియోజకవర్గం వాళ్లం" అని, కొన్నిచోట్ల "మేం విరాళాలిచ్చేవాళ్లం" అని చెప్పారు. అడిగింది ఒకే సంస్థ తరఫు మనుషులు, ఒకే విషయం గురించి. రెండో మాట చెప్పినచోట పెద్దస్థాయి వాళ్లు కలిసే అవకాశం మూడు నాలుగు రెట్లు పెరిగింది.

లోపలికెళ్లినవాడు చేసేది వాదించడం. అవతలి పక్షం వాడు ఆ గదిలో లేడు. అప్పుడు ఎంత బలహీనమైన వాదనైనా నెగ్గుతుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ప్రజల తరఫున అడిగేవాడే అక్కడ లేడు.

ఎందుకు లేడో లెక్కలోనే తెలుస్తుంది. ఉదాహరణకు ఒక నిబంధన వల్ల పుస్తకం ధర 300 రూపాయలు పెరిగిందనుకోండి. లక్షమంది విద్యార్థులు కొంటే ప్రచురణకర్తకు మూడు కోట్లు. దానికోసం ఢిల్లీలో వకీలును పెట్టుకోవడం గిట్టుబాటే. ఎచ్చెర్ల కుర్రాడికి నష్టం 300. ఆ 300 కోసం వాడు సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి నిజాముద్దీన్ దిగితే టికెట్టే అంతకు మించిపోతుంది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, నష్టం అందరికీ పంచినప్పుడు ఎవరికీ అరవాలనిపించదు.

అమెరికా 1998 బిల్లులోనే ఇంకో విడ్డూరం ఉంది, దీని గురించి మనవాళ్లు రాసింది తక్కువ. రేడియో, టీవీ పాటలకు హోటళ్లు లైసెన్స్ ఫీజు కట్టాలన్న నియమం మీద అక్కడి రెస్టారెంట్ల సంఘం చాలా ఏళ్లుగా గుర్రుగా ఉంది. దానికీ డబ్బుంది, ప్రతి నియోజకవర్గంలోనూ సభ్యులున్నారు. ఆ సంఘాన్ని సముదాయించకపోతే గడువు పొడిగింపు కదలదని తేలాక, బిల్లుకు రెండో భాగం అతికించారు: 2,000 చదరపు అడుగుల లోపు దుకాణం, 3,750 చదరపు అడుగుల లోపు హోటల్ అయితే రేడియో, టీవీ పెట్టుకున్నందుకు ఫీజు అక్కర్లేదు. మన శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో టిఫిన్ హోటళ్లన్నీ ఆ కొలతలో హాయిగా ఇమిడిపోతాయి. 2000లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఈ మినహాయింపు ఒప్పందానికి విరుద్ధమని తేల్చింది, అమెరికా ఐరోపాకు పరిహారం కట్టుకోవాల్సి వచ్చింది. చివరికి లెక్క ఇలా తేలింది. డబ్బున్న మొదటి పక్షానికి ఇరవై ఏళ్లు, డబ్బున్న రెండో పక్షానికి ఫీజు మాఫీ. డబ్బులేని మూడో పక్షానికి, అంటే పాఠకుడికీ గ్రంథాలయానికీ, ఆ బేరంలో చెప్పుకోదగ్గది దక్కలేదు.

ఇంత చేసి, బిల్లు ప్రతినిధుల సభలో మూజువాణి ఓటుతో, సెనేట్‌లో ఏకగ్రీవ సమ్మతితో గట్టెక్కింది. ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో పేరుపేరునా రికార్డు లేదు. విరాళాలకూ ఓట్లకూ లంకె వెతికే పరిశోధనలు కాపీరైట్ దగ్గర తరచూ ఉత్తచేతులతో తిరిగొచ్చేది ఇందుకే. ఓటింగ్ దాకా రాకముందే వంట అయిపోతుంది.

చట్టం కోర్టుకెక్కింది. 2003లో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో సమర్థించింది. ఆ కేసులో 17 మంది ఆర్థికవేత్తలు, అందులో అయిదుగురు నోబెల్ గ్రహీతలు, ఈ పొడిగింపు వల్ల కొత్తగా రాసేవాడికి పెరిగే ప్రోత్సాహం ఒక్క శాతం కూడా ఉండదని లిఖితపూర్వకంగా చెప్పారు. ఎలాగంటే, 75 ఏళ్ల తర్వాత చేతికొచ్చే వంద రూపాయలు ఏడు శాతం వడ్డీ లెక్కన ఇవాళ సుమారు 63 పైసలకు సమానం. ఆ 63 పైసల కోసం కలం పట్టేవాడెవడూ ఉండడు. చనిపోయిన రచయిత సంగతి సరేసరి, ఎంత పొడిగించినా కొత్తగా ఒక పేజీ రాయడు.

నాలుగు మాటల సవరణ

విరాళం కన్నా ప్రమాదకరమైనది ఉద్యోగం. 1999లో అమెరికాలో ఉపగ్రహ టీవీకి సంబంధించిన చట్టంలో, కాపీరైట్ నిర్వచనాల మధ్య, సౌండ్ రికార్డింగులనూ 'కూలికి చేసిన పని' జాబితాలో చేర్చే చిన్న సవరణ దూర్చారు. నాలుగైదు మాటలే. దాని అర్థమేమిటంటే, 35 ఏళ్ల తర్వాత పాట హక్కులను కంపెనీ నుంచి వెనక్కి తీసుకునే వీలు గాయకులకు పోతుంది. విచారణ జరగలేదు, చర్చ జరగలేదు. ఆ సవరణ పనిలో ఉన్న కమిటీ ఉద్యోగి కొద్దినెలలకే రికార్డింగ్ కంపెనీల సంఘంలో ఉద్యోగానికి వెళ్లాడు. గాయకులు భగ్గుమన్నారు, 2000లో కాంగ్రెస్ దాన్ని వెనక్కి తీసుకుంది. ఇక్కడ కంపెనీలకు ఎదురుగా ఉన్నది చెదిరిపోయిన పాఠకులు కాదు, పేరున్న గాయకులు. అందుకే ఏడాదిలో దిగొచ్చారు.

2012 జనవరిలో అక్కడి పరిశ్రమకు ఇంకో దెబ్బ తగిలింది. పైరసీ సైట్లను మూయించే సోపా, పీపా బిల్లులకు సినిమా, సంగీత పరిశ్రమలు గట్టిగా ఊపునిచ్చాయి. జనవరి 18న ఇంగ్లిష్ వికీపీడియా 24 గంటలు నల్లతెర వేసుకుంది, ఇంకా ఎన్నో సైట్లు తోడయ్యాయి. రెండు రోజుల్లో పీపా ఓటింగ్ వాయిదా పడింది. అప్పుడు సినిమా సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న క్రిస్ డాడ్, ముప్పై ఏళ్లు సెనేటర్‌గా చేసినాయన, టీవీలో ఉక్రోషం ఆపుకోలేకపోయారు. మీ పదవికి ముప్పొచ్చినప్పుడు నన్ను చెక్కు అడిగి, నా పనికి ముప్పొచ్చినప్పుడు పట్టించుకోకపోతే ఎలా అన్నది ఆయన మాటల సారాంశం. ఇంత ముక్కుసూటిగా ఈ వ్యవహారం ఎవరూ చెప్పలేదు. అయితే ఆ నల్లతెర వెనకా డబ్బు లేకపోలేదు. పెద్ద ఇంటర్నెట్ కంపెనీలు అప్పటికే సినిమా సంఘంతో సమానంగా వాళ్ల రాజధాని వాషింగ్టన్‌లో తలుపులు తట్టే స్థాయికొచ్చాయి. ఆనాడు జనం గెలుపుకు ఒక పరిశ్రమ భుజం కూడా ఆసరా అయింది.

మన దగ్గర టోకు బేరం

అమెరికా నమూనా పట్టుకుని మన ఎంపీ ఖాతాలో డిస్నీ చెక్కు కోసం వెతికితే దొరకదు. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం తర్వాత మన ఎంపీ విప్‌కు, అంటే పార్టీ ఆదేశానికి, ఎదురు ఓటేస్తే పదవే పోతుంది. శ్రీకాకుళం ఎంపీ, విజయనగరం ఎంపీ కాపీరైట్ బిల్లు మీద ఏమనుకుంటున్నా ఓటు పార్టీది. కాబట్టి ఒక్కో సభ్యుణ్ని చిల్లరగా మంచి చేసుకోవడం దండగ, పార్టీతో టోకుగా మాట్లాడుకోవడమే వ్యాపారం.

చట్టం కూడా ఆ తీరులోనే ఉంది. అభ్యర్థి ఖర్చుకు కట్టడి ఉంది: మన రాష్ట్రంలో లోక్‌సభకు 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు. పార్టీ ఖర్చుకు పరిమితే లేదు. కంపెనీ విరాళానికి కంపెనీల చట్టం సెక్షన్ 182 వర్తిస్తుంది: కంపెనీ పుట్టి కనీసం మూడు ఆర్థిక సంవత్సరాలు కావాలి, బోర్డు తీర్మానం ఉండాలి, గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం దాటకూడదు, ఏ పార్టీకి ఎంతిచ్చారో లాభనష్టాల పట్టికలో చూపాలి. 2017లో ఈ 7.5 శాతం పరిమితినీ, పార్టీ పేరు చెప్పాలన్న నియమాన్నీ ఎత్తేశారు. 2018 జనవరిలో, ఇచ్చినవాడి పేరు బయటపడకుండా పార్టీకి విరాళమిచ్చే ఎన్నికల బాండ్లు వచ్చాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లను కొట్టేస్తూ, ఆ రెండు సడలింపులనూ రద్దు చేసింది. తర్వాత బయటపడ్డ కొనుగోలుదారుల జాబితాలో అగ్రస్థానం ఒక లాటరీ సంస్థది. మొదటి అయిదు పేర్లలో సినిమా, సంగీతం, పుస్తకాల కంపెనీ ఒక్కటీ లేదు. గనులు, రోడ్లు, కరెంటు ముందు కాపీరైట్ పరిశ్రమ చిన్న చేపే.

చిన్న చేప కాబట్టి దాని జాడ పట్టుకోవడం ఇంకా కష్టం. పార్టీలు ఎన్నికల సంఘానికి పేర్లతో చూపాల్సింది ఏడాదిలో 20,000 రూపాయలు దాటిన విరాళాలే. కంపెనీల విరాళాలు పోగేసి పార్టీలకు పంచే ఎలక్టోరల్ ట్రస్టుల్లో ఎవరు వేశారో ఉంటుంది, ఎవరికి వెళ్లిందో ఉంటుంది, ఎవరి రూపాయి ఎవరికి చేరిందో ఉండదు. ట్రస్టు ఆ ఏడాది వసూలులో 95 శాతం ఆ ఏడాదే పంచేయాలి, అంతే. సినిమా నిర్మాతల్లో చాలామందివి సొంత సంస్థలు, భాగస్వామ్యాలు, సెక్షన్ 182 వాళ్లకు వర్తించదు. విరాళం స్థలాల వ్యాపారం పేరుమీదో మరో కంపెనీ పేరుమీదో వెళ్తే జాబితాలో సినిమా అన్న మాటే కనపడదు. విదేశీ మాతృసంస్థ ఉన్న ప్రచురణ కంపెనీల సంగతి మరోటి: విదేశీ విరాళాల చట్టంలో 2016, 2018ల్లో చేసిన మార్పుల వల్ల, పెట్టుబడి అనుమతించిన పరిమితిలో ఉంటే అలాంటి భారతీయ కంపెనీని 'విదేశీ వనరు'గా లెక్కించరు. ఇక లాబీయింగ్ ఖర్చు నమోదు చేయాలన్న చట్టమే మనకు లేదు.

పైగా మన సినిమావాళ్లకు గుమ్మం దాటడానికి చెక్కు అంత అవసరం పడదు. సినిమా నటుడు పార్టీ పెట్టి ముఖ్యమంత్రి అయిన రాష్ట్రం ఇది. అయితే ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. టికెట్ ధరలు, అదనపు ఆటలు రాష్ట్రం చేతిలో ఉన్నాయి, అందుకే వాటి మీద బేరాలు అమరావతిలో జరుగుతాయి. కాపీరైట్ రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 49వ అంశం. సంక్రాంతికి టికెట్ పెరిగిన కోపం కాపీరైట్ చట్టం మీద చూపిస్తే లాభం లేదు.

ఒకే బిల్లు, రెండు తీర్పులు

మళ్లీ 2012కు వద్దాం. జిరాక్స్ షాపు కుర్రాడికి పనికొచ్చే వాక్యం పోయిన బిల్లులోనే నిర్మాతలకు గట్టి దెబ్బ తగిలింది. అంతకుముందు పాట రాసినవాడు, బాణీ కట్టినవాడు ఒక్కసారి డబ్బు తీసుకుని సంతకం పెడితే హక్కు మొత్తం నిర్మాతది. కొత్త సెక్షన్ 18 ప్రకారం, సినిమాతో కలిపి థియేటర్లో ఆడటం తప్ప టీవీ, రేడియో, స్ట్రీమింగ్ వంటి మిగతా వాడకాలన్నిటిలో రచయితకూ స్వరకర్తకూ సమాన వాటా రావాలి. ఆ హక్కును అమ్ముకునే వీలు కూడా లేదు. "రాయల్టీ వద్దు" అని ఒప్పందంలో రాయించుకున్నా చెల్లదు. ఈ చివరి ముక్కే కీలకం, ఎందుకంటే బలవంతుడు రాసే ఒప్పందంలో వదులుకోవడం అన్నది ఎప్పుడూ మొదటి పేజీలోనే ఉంటుంది.

ధనబలం చూస్తే నిర్మాతలదే పైచేయి. అయినా ఓడారు. కవి జావేద్ అఖ్తర్ అప్పుడు రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడు, స్వయంగా ఈ సవరణ కోసం పోరాడారు. తనకు లాభం చేకూర్చే చట్టం గురించి సభలో తానే మాట్లాడటం ప్రయోజనాల ఘర్షణ కాదా అన్న ప్రశ్న అప్పుడు లేచింది, లేవడం న్యాయమే. కానీ మనకు కావాల్సిన పాఠం వేరు: గదిలోకి వెళ్లడానికి డబ్బు ఒక దారి, పేరు మరో దారి. పాటల రచయితలకు పేరున్న మనిషి దొరికాడు. పుస్తకాలు కొనే విద్యార్థులకు దొరకలేదు. విజయనగరం సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల 1974లో పోయారు, గాయకులకు ప్రదర్శన హక్కులన్నవి చట్టంలోకొచ్చింది 1994లో. సభలో మాట్లాడే గొంతు లేనివాళ్ల వంతు ఎప్పుడూ ఆలస్యమే.

జిరాక్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్స్ షాపు కేసులో 2016లో హైకోర్టు బోధనకు అవసరమైన పుస్తక భాగాలను జిరాక్స్ తీసి ఒక్క కట్టగా, అంటే కోర్సు ప్యాక్‌గా, చేయడం సెక్షన్ 52(1)(ఐ) కింద తప్పు కాదంది. ఇన్ని పేజీలే అని కొలత పెట్టలేదు. అది చూసి పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా తీసి బైండు వేసి అమ్మొచ్చనుకుంటే పొరపాటు. ఆ తీర్పు పాఠానికి సంబంధించింది, పుస్తకాల వ్యాపారానికి కాదు.

2023 సినిమాటోగ్రాఫ్ సవరణలో ఇంకో తరహా జరిగింది. థియేటర్లో ఫోనుతో సినిమా తీసేవాడికి 2019 ముసాయిదాలో మూడేళ్ల దాకా జైలు, లేదా 10 లక్షల దాకా జరిమానా అన్నారు. చివరకు చట్టమైనప్పుడు కనీసం మూడు నెలల జైలు, కనీసం 3 లక్షల జరిమానా, గరిష్ఠంగా సినిమా ఆడిట్ అయిన నిర్మాణ వ్యయంలో 5 శాతం అయింది. వంద కోట్ల సినిమాకు ఆ 5 శాతం అంటే 5 కోట్లు. బొబ్బిలి థియేటర్లో సెల్‌ఫోను పట్టుకున్న కుర్రాడి తప్పు అదే, పరిమితి మాత్రం 50 రెట్లయింది. పైరసీ అసలు ముఠాలకు ఇది భయం పుట్టిస్తుందా అన్నది వేరే ప్రశ్న. గమనించాల్సింది, జరిమానాను నష్టంతో కాక పెట్టుబడితో ముడిపెట్టడం. పెట్టుబడి పెట్టినవాడి వైపు నుంచి చూస్తేనే తట్టే కొలత అది.

ఇంకో వైపు చూడండి. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ల పాట, జముకుల కథ బాణీ సినిమాలోకెక్కితే, పాటను తరతరాలుగా కాపాడిన ఊరికి కాపీరైట్ చట్టంలో దక్కేదేమీ లేదు. రచయిత పేరు తెలియని, ఎప్పటిదో తెలియని పాటకు చట్టం దృష్టిలో యజమాని లేడు. దాన్ని ఎత్తుకుని కొత్త వాద్యాలు చేర్చిన రికార్డింగుకు మాత్రం 60 ఏళ్ల రక్షణ. ఈ ఖాళీ పూడ్చాలని ఏ పార్టీకీ చెక్కు రాసేవాడు లేడు, తప్పెట కట్టే గొల్లలకు ఢిల్లీలో కార్యాలయమూ లేదు.

ఇక్కణ్నుంచి ఆరా తీయాలంటే

బిల్లు ప్రవేశపెట్టిన ప్రతి, ఆమోదించిన ప్రతి రెండూ పార్లమెంటు సైట్లో దొరుకుతాయి. ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడా ఉన్న వాక్యాలకు గీత గీసుకోండి. అసలు ఆధారం అక్కడే ఉంటుంది. తర్వాత స్థాయీ సంఘం నివేదిక చివరి అనుబంధాలు తెరవండి. ఎవరెవరు సాక్ష్యమిచ్చారో, ఎవరు వినతిపత్రాలు పంపారో ఉంటుంది. గీత గీసిన ఒక్కో వాక్యం దగ్గర ఆ జాబితాలో ఎవరి వాదనకు దగ్గరగా ఉందో రాసుకోండి. విరాళాల పని ఆ తర్వాతే. ముందే విరాళాల జాబితా పట్టుకుంటే ప్రతి చెక్కూ కుట్రలాగే కనపడుతుంది.

విరాళాలకు ఎన్నికల సంఘం సైట్లో పార్టీల వార్షిక నివేదికలు, ట్రస్టుల నివేదికలు విడిగా ఉంటాయి. చాలావరకు స్కాన్ చేసిన పేజీలు, వెతికే పెట్టెలో పేరు కొడితే రాదు, ఒక్కో పేజీ కళ్లతో చూడాలి. కంపెనీ పేరు రెండు మూడు స్పెల్లింగుల్లో ఉంటుంది. కంపెనీ వార్షిక నివేదికలో లాభనష్టాల పట్టిక కింది నోట్సులో విరాళం దొరుకుతుంది. విరాళం ఇచ్చిన తేదీని బిల్లు తేదీతో పోల్చేటప్పుడు ఒక తప్పు తరచూ జరుగుతుంది: ఎన్నికల ఏడాది విరాళాలు ఎటూ పెరుగుతాయి, అదే ఏడాది వచ్చిన ప్రతి బిల్లుకూ దాన్ని అంటగట్టకూడదు. ఎన్నికలు లేని ఏడాదిలో, సంఘం విచారణ నడుస్తున్న నెలల్లో వచ్చిన విరాళానికి ఎక్కువ అర్థముంటుంది.

అభ్యర్థి ఖర్చు లెక్క ఫలితాలొచ్చిన 30 రోజుల్లోపు జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకు ఇవ్వాలి. నిబంధనల ప్రకారం ఒక్క రూపాయి రుసుము కట్టి ఎవరైనా దాన్ని చూడొచ్చు, వేరే రుసుముతో ధ్రువీకరించిన నకలు కూడా తీసుకోవచ్చు. శ్రీకాకుళం కలెక్టరేట్‌లో ఆ రూపాయి కట్టి చూస్తే షామియానాలు, వాహనాలు, భోజనాల లెక్కలు కనిపిస్తాయి, పార్టీ ఇచ్చిన మొత్తం ఒక్క వరుసలో ఉంటుంది. ఆ వరుస వెనక ఎవరున్నారో ఆ కాగితంలో ఉండదు, దానికి మళ్లీ పార్టీ నివేదికకే పోవాలి.

కాపీరైట్ ఇప్పుడు కేంద్ర పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ కింద ఉంది. 2014లో కేంద్రం చేసుకున్న విధానం ప్రకారం ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలి. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్తే మళ్లీ ఒక ప్రకటన వస్తుంది, వినతిపత్రాలు పంపమంటూ. పెద్ద సంఘాల వకీళ్లు ఆ ప్రకటన కోసం కాచుకుని ఉంటారు. ఎచ్చెర్ల విద్యార్థి సంఘమైనా, విజయనగరం గ్రంథాలయమైనా, తప్పెటగుళ్ల బృందమైనా పంపడానికి అడ్డేమీ లేదు. ఒక్కటి చూసుకోవాలి: ఆ ప్రకటనలు మామూలుగా అడిగేది ఇంగ్లిషులోనో హిందీలోనో రాసిన రెండు ప్రతులు.